జీరో టికెట్

ఎక్స్‌రే సాఫ్‌గ ఉన్నదంటడు డాక్టరు.
లైటు ముంగట పట్టి సూపెడతడు:
గిదిగో అతికిన బొక్క, గిదిగో లోపట సలాక.
సలుపు ఆ ఫోటోల దిగలే.

పదిల ఎంత నొప్పి, అమ్మా?
పదిహేనేండ్లు స్టేజీల లెక్కన టికెట్లు కొట్టినదాన్ని,
గీ ఒక్క లెక్క నాకు రాదు.
బస్సులు బందున్ననాడు మూడు.
వాన వడి మూసాపేట రోడ్డు తళతళ మెరిసిననాడు,
డిపో కిటికీల కెల్లి చూసినా సరే, ఎనిమిది.

బ్రేకు తుస్సుమనకముందే
తుంటి బిగుసుకుంటది.
సప్పుడు ముందా, నొప్పి ముందా
నాకే ఎర్క లేదు.
రాత్రి రెండింటికి నడుములు లేపుతయి,
ఎనకనే బాల్‌నర్సయ్య లేస్తడు.
గేరు రాడ్డు మీద చెయ్యి అట్లనే ఉంటది.
"అక్కా, ఇగ పోదామా" అంటడు.
ఒక్కోనాడు ఆయనే ముందొస్తడు,
సలుపు ఎనక డోరుల ఎక్కుతది.

ఇంట్ల అందరు మంచోళ్ళే.
మా ఆయన బాము రాస్తడు, ఏమీ అడగడు.
మా అత్త దిష్టని ఉప్పు తిప్పింది.
డిపోల లైట్ డ్యూటీ. కుర్సీల కూసొని
చిల్లర లెక్కవెట్టుడు.
చిల్లర ఏనాడూ తప్పలే.

ఫిజియోథెరపీ పిల్ల నౌషీన్
ఎంత అని అడగలే.
"ఏ స్టాపుల ఎక్కింది, ఆంటీ?" అన్నది.
వేడి ప్యాడు కింద బోర్ల పండుకొని
లారీ సంగతి చెప్పలే నేను.
ఆయన పంచిన ఉడకబెట్టిన పల్లీల సంగతి చెప్పిన.
ఉప్పెక్కువైందని తిట్టిన.
తిట్టి, నోట్ల పల్లీ ఉండంగనే
రైట్ రైట్ అన్న.

నేనే అన్న.

ఎడమ కాలు దానంతటదే వణికింది.
ఆ పిల్ల చెయ్యి తియ్యలే.

నిన్న ఎర్రగడ్డ కాడ బస్సెక్కిన.
స్టాఫ్ పాస్ చూపియ్యలే.
కండక్టర్ పిల్ల మిషిన్ల కెల్లి జీరో టికెట్ చింపిచ్చింది.
ఇంకోటి అడుగుదామనుకున్న,
పైసల్లేకుండ మూడేండ్ల సంది
నాతోని తిరుగుతున్నదానికి.
నవ్వొచ్చింది. పక్కామె నా మొకం చూసింది.

బ్రిడ్జి ఎక్కంగ తుంటి బిగిసింది.
భరత్‌నగర్ల దిగిన,
మూసాపేటకు ఒక్క స్టాపు ముంగటనే.
ఎనక కెల్లి ఆ పిల్ల
రైట్ రైట్ అన్నది.
బస్సు కనవడకుండ పోయేదాక
కడ్డీ పట్టుకొని నిలవడ్డ.

ఏడు.
ఆగు, ఆరున్నర.