మింగు

పరిగడుపున రమ్మన్నరు.
నాకు కొత్తేం గాదు పరిగడుపు.
తెల్లారగట్ల నాలుగింటికి డిపోల దిగినప్పటి సంది
పొట్టల ఛాయ్ తప్ప ఏముంటది?
పదకొండేండ్లు.
మహబూబ్‌నగర్, నారాయణపేట, పోను రాను.
దేవరకద్రల ఇడ్లీ తిందామనుకునే లోపల
మరికల్ దాటుడు.
నీళ్లు తాగితె ఎక్కడ దిగాలె?
బస్టాండుల బాత్రూమ్ తలుపుకు గొళ్లెం లేదు.
అందుకే సీసా మూత తీసుడు, పెదవులు తడుపుడు,
మళ్ల మూత పెట్టుడు.

న్యూటౌన్ల దవాఖాన మెట్లెక్కంగ
మొయిన్ భాయ్ అన్నడు:
"కెమెరా అట, అయిదు నిమిషాలట.
మా బావ చేయించుకున్నడు."
ఆ బావ ఏమైండో నేనడగలె.

సంతకం కావాలన్నరు.
ఇంట్ల ఎవ్వరికి చెప్పలె నేను.
"పేషెంటుకు మీరేమైతరు?"
పెన్ను పట్టుకొని చానసేపు చూసిండు.
సంబంధం అన్న గడిల
'ఒకటే బండి' అని రాసిండు.
కౌంటర్ల పిల్ల నవ్వలె. ముద్రేసింది.

నాలుక బయట పెట్టమని
గొంతుల ఏదో కొట్టిన్రు,
చేదు మీద అరటిపండు వాసన.
కాసేపటికి నా గొంతు నాది గాకపాయె,
లోపల ఎవరో షట్టర్ దించినట్టు.
ఈ గొంతే గద,
ధన్వాడ ధన్వాడ ధన్వాడ అని
సంత రోజు లారీ హారన్ మీంచి వినబడేది!

పండ్ల నడుమ ప్లాస్టిక్ రింగు పెట్టి
ఎడమకు ఒరగమన్నరు.
గొట్టం చూసిన. నల్లది. చూపుడువేలంత లావు.
కొసకు దీపం.
"మింగమ్మా," అన్నడు డాక్టరు.

ఎంత సులువు మాట.
చిల్లర లేదన్నందుకు
నోటు మొఖాన కొట్టినోని ముంగట మింగిన.
"జీరో టికెట్లు కొట్టుడే గద నీ పని"
అన్న పెద్దమనిషి ముంగట మింగిన.
లెక్కల నూట నలభై తక్కువొచ్చిన రాత్రి
నా పర్సుల నుంచి తీసి కట్టి మింగిన.
దీన్ని మాత్రం మింగొస్తలేదు.

ఒళ్లంత ఎదురు తిరిగింది.
కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు,
చెంప కింద గుడ్డ తడిసి ముద్ద.
అందరి ముంగట, సిగ్గు లేకుంట,
ఎద్దు రంకేసినట్టు ఒక్క తేన్పు.
పదకొండేండ్లల మొదటిసారి
నా కడుపు వద్దన్నది.
గట్టిగనే అన్నది.

సిస్టర్ పేరు ప్రిస్కిల్లా. ఈపు నిమిరింది.
"ముక్కుతోని గాలి తీయక్కా, నన్ను చూడు."
ఆమె చేతికి జిందాతిలిస్మాత్ వాసన.
నేనామెను చూడలె. తెర దిక్కు చూసిన.

నేనెన్నడు దిగని స్టేజీ అది.
గులాబి రంగు, తడి తడి,
దున్ని ఇడిసిన చెల్క లెక్క సాళ్లు సాళ్లు.
ఒక మూలకు తెల్లటి మచ్చ, చుట్టు ఎరుపు,
పాత టికెట్ మీద పంచ్ కొట్టిన బెజ్జమంత.
ఎవరు కొట్టిన్రో, ఏ స్టేజీ కాడ కొట్టిన్రో.
"పుండు," అన్నడు డాక్టరు,
నేను మరికల్ అన్నంత మామూలుగ.
చిన్న ముక్క తుంపిండు. నొప్పి లేదు.
ఒక్క నెత్తురు బొట్టు
పుట్టి, ఆగి, జారింది.

గంటదాంక మంచినీళ్లు సుత వద్దన్నరు.
వరండల బెంచి మీద కూసున్నం.
మొయిన్ భాయ్ ఒళ్లె టిఫిన్ డబ్బ,
వాళ్ల బీబీ పంపిన పెరుగన్నం, మూత తీయలె.
ఏదో అడుగుదామని నోరు తెరిచిన.
గాలొచ్చింది, మాట రాలె.

కింద రోడ్డు మీద మా డిపో బండే పోతున్నది.
నా బదులెక్కిన పిలగాడు
ఫుట్‌బోర్డు మీదికెల్లి
స్టేజీలు తప్పు వరుసల ఒర్లుతున్నడు,
మరికల్ ముందు, దేవరకద్ర ఎన్క.
మొయిన్ భాయ్ నా దిక్కు చూసిండు.
నేను బెంచి కమ్మిని
రెండుసార్లు తట్టిన.
ఆయన ఎడమచెయ్యి గేరు మీదికి పోబోయి
డబ్బ మూత మీద ఆగింది.