చిరిగిన సీటు

పొద్దున ఐదూ యాభైకి మంగాఫ్ వీధిలో
స్కూలు బస్సు తలుపు తీసేది నేనే.
తొమ్మిదేండ్లుగా పిల్లోళ్లను లెక్కబెట్టేదే నా కొలువు.
ఎక్కినోళ్లు ముప్పై ఆరు, దిగినోళ్లు ముప్పై ఆరు.
లెక్క సరిపోతే సంతకం.

జెమీమా, జోయెల్. కవలలు.
వాళ్లమ్మ నర్సు. రాత్రి డ్యూటీ దిగి
ఆమె లిఫ్టులోంచి బయటికొచ్చేసరికి
వీళ్లు నా బస్సులో ఉంటారు.

పదమూడో ఏట పాప మొదలుపెట్టింది,
"సారీ ఆంటీ" అనేది.
ఆలస్యమైతే సారీ. కాకపోయినా సారీ.
బ్రేకు పడి నేను తూలినా తప్పు తనదే.
రెండు జడలు ఒకటాయ, ఆ ఒకటీ ముడి ఆయ.
కిటికీ అద్దంలో బొట్టుబిళ్లంత మొటిమను వెతుక్కునే పిల్ల
కిటికీకి వీపు పెట్టి కూచునేది.
ఎనక సీట్లో ఎవరు నవ్వినా
భుజాలు లోపలికి లాక్కునేది.
ఒకనాడు నా చున్నీ పట్టుకుని
రిఫైనరీ మంట కనపడేదాకా ఏడ్చింది.

ఏడుపు కంటికి ఆనుతుంది.
నేను చూస్తి, టీచరమ్మ చూసె, వాళ్లమ్మ చూసె.
డాక్టరు దానికి పేరు పెట్టె.

వాడు మాత్రం బాగుండాడనుకుంటిమి.
చెల్లెలి సంచీ మోసేవాడు, జోకులేసేవాడు.
రెండేండ్లు గడిచె.
గొంతు మారె.
ఎవడో పెన్ను అడిగితే మూతి పగలగొట్టె.
ముందు సీటును తన్నేది, తన్నేది,
ఎర్ర సిగ్నలు కాడ బస్సు ఆగినా
వాడి కాలు ఆగేది కాదు.
కంపాసు ముల్లుతో రెగ్జిన్ కోసి
స్పాంజి పీకి పీకి జేబులో నింపుకునేవాడు.
డ్రైవరు మూడుసార్లు కంప్లయింటు రాసిచ్చె.
నేనూ రాసిస్తి, అబద్ధమెందుకు?
"పొగరు" అని. నా అక్షరాల్తోనే.

పాపకు డాక్టరు,
పిల్లోడికి వార్నింగు కాగితం.

మా రాయచోటి పక్క చెనిక్కాయ చేన్లో
వేరుకుళ్లు సోకితే చెట్టు తల వాలుస్తుంది.
అంతే నాకు తెలిసింది.
మనిషికి సోకితే
ఒకరు వాలిపోతారని, ఒకరికి ముండ్లు మొలుస్తాయని
నాకెవరు చెప్పినారు?

మే నెలలో దుమ్ము లేచిన రోజు.
ఆకాశమంతా పసుపు నీళ్లు.
దిగినోళ్లు ముప్పై ఐదు.
మళ్లీ లెక్కబెట్టినా. ముప్పై ఐదే.
తిట్టడానికే పోయినా ఎనక్కి.
చివరి సీట్లో మోకాళ్లు ముడుచుకొని ఉండాడు.
నిద్ర కాదు. తలెత్తలేదు.
"ఆంటీ, మీ లెక్కలో నేను ఉంటానా?"

నోట మాట రాలేదు.
పక్కన కూచుంటి.
సీటుకు పడిన బొక్కలో వేలు పెట్టినా,
లోపల ఇనుప కడ్డీ చల్లగా తగిలె.
వాడు జేబులోంచి స్పాంజి తీసి
ఒక్కో ముక్కా నా చేతిలో పెట్టె.
ఎన్ని దినాలవో!
"ముప్పై ఆరోవాడివి నువ్వే గదరా" అంటి,
చానా సేపటికి.

ఆ పొద్దు సంతకం ఆలస్యమాయ.
వాళ్లమ్మకు ఫోను చేసినా.
"పాపకేమైంది?" అనింది ఎత్తగానే.
పాప కాదమ్మా, అంటి.
అవతల ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పొగరు" అని రాసిన కాగితం ఆఫీసులోనే ఉండాది.
దాన్ని వెనక్కి అడగాల.
రేపు పోవాల.