అదే దరువు

నన్నడిగితే ఏం చెప్తాను, ప్యాడ్ వాయించేవాణ్ణి.
ఇరవయ్యేళ్ళూ నా కర్రలకి కనిపించింది
అతని వీపే.

ఏటుకూరు రోడ్డు తిరనాళ్ళలో అతను డిస్కో దిలీప్.
మెరుపుల చొక్కా అద్దె నలభై రూపాయలు,
చెమటకి రంగు దిగి మెడంతా నీలం.
నాలుగో పాటకి ఈలలు, ఐదో పాటకి రాళ్ళు,
తెల్లారగట్ల లాడ్జి సెంటర్లో
ముగ్గురికీ కలిపి ఒక్క ప్లేటు ఇడ్లీ.

ఓ ఏడు గొంతు పోయింది.
మిర్చి యార్డులో ముచ్చికలు తీసే వాళ్ళమ్మ సువార్తమ్మ
అదే చేత్తో అతని మెడ నిమిరి ప్రార్థన చేసింది.
మంట లోపలికి దిగిందన్నాడు, గుసగుసగా.
మూడోనాటికి మాటొచ్చింది.
చొక్కా షాపులో ఇచ్చేసి వచ్చాడు.

బ్రదర్ దీవెన్‌బాబు, నల్లపాడు ఉజ్జీవ సభలు.
"దరువు మార్చాలిరా కాలేషా" అన్నాడు.
నేను మార్చలేదు, వేగం కాస్త తగ్గించా.
అప్పుడు ఎగిరిన కాళ్ళే ఇప్పుడు మోకరించాయి.
నమాజు వేళకి నేను స్టేజీ దిగిపోతే
తనే చప్పట్లతో తాళం వేసుకుని పాడేవాడు,
పాస్టరుగారు అడిగితే
"మావాడికి కడుపునొప్పండీ" అనేవాడు.

ఆ జనాన్ని లెక్కపెట్టుకున్నవాళ్ళు
తెల్లకారులో వచ్చారు.
రిజర్వుడు సీటు, కులం కాగితం కావాలన్నారు.
ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద గంటన్నర కూచున్నాం.
బళ్ళో వేసిననాడు వాళ్ళ నాన్న రాయించిన
"హిందూ" అన్న రెండక్షరాలు
రికార్డుల్లో అట్టాగే ఉన్నాయి, చెద పట్టకుండా.
"రక్తంతో అన్నీ కడిగాడని పాడతాం గదరా,
ఇదొక్కటీ ఎందుకు మిగిలింది?"
నాకేం తెలుసు.
టీ తెచ్చిచ్చా. తాగలేదు.
లోపలికెళ్ళి సంతకం పెట్టాడు.

పాటలో "రాజు" ఉన్నచోటల్లా
గుర్తు పేరు ఇరికించారెవరో.
మాత్ర చాలక ప్రతిసారీ తడబడ్డాడు.
సువార్తమ్మ ఆ పాట వచ్చినప్పుడల్లా
లేచి లోపలికెళ్ళేది.

ఆఖరి మీటింగు, సంగడిగుంట.
కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది.
మైకు లేదు. చీకట్లో అంతమంది, సెల్లు దీపాలు.
మొట్టమొదటిసారి
నావైపు తిరిగాడు.
"ఏది ఎత్తుకోమంటావురా?"

తిరనాళ్ళదో, ప్రభువుదో, పార్టీదో
నేనేం చెప్పను.
కరెంటు లేని ప్యాడు
రబ్బరు చప్పుడే చేస్తుంది.
అదే వాయించాను.