డ్యాష్‌బోర్డు మీద ఎండ

రోహిణి కార్తె. పదకొండు దాటింది.
ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద
పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది.
వారధి దాటి గుంటూరు నుంచి వచ్చిందొక తెల్ల కారు.
కండువాతో మెడ తుడుచుకుంటూ దిగారు
మిర్చి కమీషన్ కొట్టు రంగనాయకులుగారు.

"ఇరవై రెండులో పెట్టానయ్యా మీరా,
మంగళగిరి వచ్చేసరికి ఉడికిపోయాను.
ఆటో అంట, దానికదే చూసుకుంటదంట!
గ్యాస్ అయిపోయుంటది, కొట్టు."

గేజీ తగిలించాను. గ్యాస్ నిండుగా ఉంది.
కంప్రెసర్ టక్కున పట్టుకుంటోంది.
పైపు మీద కొత్త కుండకి పట్టినట్టు చెమ్మ.
కారుకి జబ్బేమీ లేదు.

గ్లవ్ బాక్సు ఊడదీసి ఫిల్టరు లాగాను.
కారం జల్లించిన జల్లెడ!
నాకూ, నా దగ్గర పని నేర్చుకునే బాజీకీ
తుమ్ముల మీద తుమ్ములు.
నాలుగో తుమ్ముకి ఆయనే నవ్వారు,
"యార్డు గాలయ్యా, మాకు అలవాటే."
ఘాటు రాకుండా బయటి గాలి మూసే బటనుందిగా అంటే
"ఆ వంకర బాణమా?
యూ టర్నుకేమో అనుకున్నా."

స్టీరింగ్ పక్కన చిన్న జాలీ,
ఆవగింజ దూరేంత చిల్లులు.
అందులోంచి లోపలి గాలిని కాస్త పీల్చి
ఎంత వేడో తెలుసుకుంటుంది కారు,
తోడు వేసే ముందు
పాలల్లో వేలు ముంచి చూసినట్టు.
అదీ బ్రష్షుతో దులిపాను.
అయినా బ్లోయరు బద్ధకంగానే తిరుగుతోంది.

అప్పుడు చూశాను.
అద్దం కింద, డ్యాష్‌బోర్డు మీద
రబ్బరు బ్యాండేసిన తక్‌పట్టీల కట్ట.
యార్డుకి సెలవులొచ్చినా దానికి రాలేదు,
అక్కడే ఎండి అంచులు పచ్చబడ్డాయి.
ఎత్తాను.
కింద చొక్కా గుండీ అంత నల్ల బుడిపె.
ఎండను చూసే కన్ను.
నెత్తిన నలభై ఆరు మండుతుంటే
కాగితాల కింద దానికి రోజూ అమావాస్యే.

కాసేపటికి
ఎవరో తట్టి లేపినట్టు బ్లోయరు గుప్పుమంది.
బాజీ తడిచొక్కా వాడి వీపుకి అంటుకుంది.
తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాడు,
"చెక్ చేస్తున్నా అన్నా" అంటూ.
దిగమనలేదు నేను.
చెక్ చెయ్యాలిగా మరి.

రంగనాయకులుగారు నమ్మలేదు.
"కాగితాలు తీస్తే ఏసీ బాగవటమేందయ్యా!
డబ్బులు పోతే పోయినయ్, గ్యాస్ కొట్టు."
నిండు కడవలో ఇంకేం పోస్తాం సారూ అని
ఫిల్టరు డబ్బులే తీసుకున్నాను.
పని ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు చూశారు.
కట్టని మళ్లీ అక్కడే పెట్టబోయి
నా మొహం చూసి
ఒళ్లో పెట్టుకున్నారు.

కారు పోయాక కాలి కింద ఒక చీటీ.
చల్లా యలమంద, క్రోసూరు.
బస్తాలు పద్నాలుగు.
తాలుకాయ కింద తరుగు, కాటా కూలి,
ముందు వాడుకున్నది పోను
చివర ఒక అంకె.
దాని మీద నా గ్రీజు వేలు పడింది.
కాయలు కల్లంలో ఎన్నాళ్లు ఎండాయో,
తిరగేసిన మనిషి ఎన్నాళ్లు ఎండాడో
రాసే గడి లేదు చీటీలో.

ఫోను చేస్తే, "ఉంచవయ్యా,
ఈసారి వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు.
జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంకో కారు.
వెనక సీటుకి గాలి చాలటం లేదంట.
ఎంత వస్తుందో తెలియాలంటే
చేతికందిన కాగితమేదో
ఏసీ జాలీ ముందు పెట్టి చూస్తాం మేము.
పెట్టాక గానీ చూసుకోలేదు,
యలమంద చీటీ
ఇరవై రెండు డిగ్రీల గాలికి
రెపరెపలాడుతోంది.

"బానే కొడుతోందన్నా" అన్నాడు బాజీ.