ఐదు సెంట్ల లెక్క

మెయిన్ రాష్ట్రంలో ఖాళీ సీసా తిరిగిస్తే ఐదు సెంట్లు.
అందుకని గరాజ్ ముందు అట్టముక్క మీద రాసి పెట్టాం:
మీ ఖాళీ సీసాలు ఇక్కడ పెట్టండి
మా పెళ్లి కోసం.
రాత్రి వానకి పై వరస కారిపోయింది.
కింది వరస చదివి ఎవరో కంగారుపడి
ఒక పూలకుండీ పెట్టి వెళ్లారు.

మూడేళ్ల కిందట ఇదే ప్రశ్న బ్యాలెట్ మీదికొచ్చి ఓడిపోయాం.
ఆ రాత్రి కార్లీన్ వంటగదిలో నిలబడి
కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.
ఇరవై రెండేళ్లుగా ఒక కప్పు కింద ఉన్నవాళ్లం,
ఊరు ఊరంతా కూర్చుని మమ్మల్ని
కూడికలు తీసివేతలు చేయడం
అదే మొదటిసారి.

ఈసారి శిక్షణకొచ్చిన కుర్రాడు అన్సెల్,
గడ్డం ఇంకా సరిగా రాలేదు.
"వాదించకండి," అన్నాడు. "మీ కథ చెప్పండి.
తర్వాత వాళ్లది అడగండి.
బయటికొచ్చాక ఒక అంకె వేయండి.
ఒకటంటే మనవాళ్లు, ఐదంటే కాదు."
నలభై ఏళ్లు బూట్ల ఫ్యాక్టరీలో అరికాళ్లు కుట్టినదాన్ని,
మనుషులకి సైజులుంటాయన్న సంగతి
నాకు కొత్త కాదు.

శనివారం గ్రాంజ్ హాల్లో బీన్స్ విందు.
గుంట తవ్వి, నిప్పుల మీద కుండ దించి,
రాత్రంతా మట్టి కప్పి ఉంచాం.
మనిషికి ఎనిమిది డాలర్లు.
ఎనభై కుర్చీలు వేస్తే ముప్పై ఒక్కరొచ్చారు.
ముసలి ఓడీల్ పెల్తియే రెండుసార్లు వడ్డించుకుని
"నా ఓటు మీకు లేదు, బీన్స్ మాత్రం కుదిరాయి" అని
ఇరవై నోటు పెట్టి చిల్లర తీసుకోకుండా పోయింది.
ఆ పన్నెండు డాలర్లు ఏ పద్దు కింద రాయాలో
తెల్లారేదాకా మాకు తేలలేదు.

అక్టోబర్ మూడో ఆదివారం
నా చేతికిచ్చిన జాబితాలో పదిహేడో పేరు మా తమ్ముడిది.
రెజిస్. యాభై ఆరు. ఏ పార్టీ కాదు.
జాబితాకి తెలిసింది అంతే.
అమ్మ పోయిననాడు చర్చి మెట్ల మీద
నాకు చెయ్యిచ్చి కార్లీన్‌కి ఇవ్వలేదని
రాయడానికి అందులో గడి లేదు.

పదహారో ఇంటికి మూడు వేసుకుని
పదిహేడో ఇంటి ముందుకొచ్చాను.
కిటికీలో టీవీ నీలంగా కదులుతోంది.
ట్రక్కు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, ఇంకా వెచ్చగానే ఉంది.
ముక్కూమొహం తెలియని గడపల మీద
గడగడా అప్పజెప్పినదాన్ని,
ఇక్కడ నోరు పెగల్లేదు.
నా కథ సగం వాడికి తెలుసు,
మిగతా సగం వాడే.
తలుపు కొట్టలేదు.
కాగితం మీద ఇంట్లో లేరు అని రాశాను.
ఎవరు లేరో
రాయలేదు.

గురువారం పొద్దున గరాజ్ ముందు నల్లసంచి.
లోపల సీసాలన్నీ మాక్సీవే.
ఆ చేదు సోడా ఇంకా తాగేవాళ్లని
ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
సంచి మూతికి నాన్న నేర్పిన గాలం ముడి,
అది వేసేవాళ్లకైతే రెండు వేళ్లు చాలు,
అందులో ఒకటి నాది.
అన్నీ కడిగి ఉన్నాయి. ఒక్కదానికీ చీమ పట్టలేదు.

నలభై మూడు సీసాలు. రెండు డాలర్ల పదిహేను సెంట్లు.
దాత పేరు దగ్గర పెన్ను ఆపి
కార్లీన్ నా వైపు చూసింది.
"తెలీదు," అన్నాను.

నవంబర్లో గెలిచాం, అది పేపర్లో వచ్చింది.
రెజిస్ ఏ గడి నింపాడో రాలేదు.
నేను అడగలేదు.
అట్టముక్క పీకేశాం, పూలకుండీ లోపలికి తెచ్చుకున్నాం.

డిసెంబర్లో, మంచులో, మళ్లీ ఒక సంచి. అదే ముడి.
ఇప్పుడు దేనికోసమని?
విప్పి చూస్తే అడుగున ఒక సీసా నిండుగా ఉంది.
కార్లీన్ మూత తీసి ఒక గుక్క తాగి
మొహమంతా చిట్లించి
"ఎలా తాగుతార్రా దేవుడా దీన్ని" అంటూ
ఇంకో గుక్క తాగింది.