నిండు గోదాంల కొలవాలె

ధర్మాబాద్‌ల మా అడ్తి దుకాణం ముందర
మరాఠీల బోర్డు, లోపల తెలుగుల లెక్క.
నడుమ నేను, ఒక కంప్యూటరు,
ప్రతి బిల్లు కాడ గుండ్రంగ తిరిగే ఒక చుక్క.

బాసర దిక్కు నుంచి వచ్చే రైతు ఫోను
మా గల్లీల అడుగు పెట్టంగనె
రాష్ట్రం మారిందని చెప్తది.
గోడ దాటి నా బల్ల మీదికి మాత్రం
ఏ మాటా రాదు.
మూరెడు మందం గోడ. రాయి, సున్నం.
నైజాం కాలంల దొంగల కోసం కట్టిందంటరు.
గాలిల వచ్చేటోళ్ల సంగతి దానికేం తెలుసు.

"వైఫై డబ్బా కొందాం సేట్" అంటే
విఠల్ సేట్ పత్తెవార్ కళ్లజోడు తీసి తుడిచిండు.
పైసల మాట వస్తె
ఆయన అద్దాలు మసకబడుతయి.

నాందేడ్ నుంచి మైనొద్దీన్ మూడు తెచ్చిండు,
బల్ల మీద మిర్చి మచ్చుల తీరు పరిచిండు.
పదకొండు వందలది, రెండు కొమ్ములది,
పది ఫోన్లు ఎక్కంగనె మొగులు దిక్కు చూస్తదట.
తొమ్మిది వేలది,
అది దవాఖానలకు, పెద్ద హోటళ్లకు.
రెండు వేల ఆరు నూర్లది ఒకటి,
కొమ్ముల్లేవు, కుండ మూత లెక్క తెల్లగ.
కప్పుకు బిగించుడే,
మాటా కరెంటూ ఒక్క తీగెలనే పోతయట.

నేను కాయితం మీద రాసిన:
కంప్యూటర్లు రెండు, ప్రింటరు, తూకం కాంట,
కెమెరాలు మూడు, సేట్ ఫోను,
సేట్ కొడుకువి రెండు, హమాలీల పాటల ఫోన్లు.
రాస్తుంటెనె తెలిసింది
ఎవరం ఎంత తింటున్నమో.
అందరికంటె ఎక్కువ కెమెరాలు,
రాత్రంత ఖాళీ వాకిలిని చూసుకుంట.

తర్వాత ఫోను పట్టుకొని తిరిగిన,
గీతలు లెక్కవెట్టుకుంట.
గద్దె కాడ నాలుగు.
ఇనుప బీరువా వెనుక ఒకటి.
గోదాంల మళ్ల మూడు.
"గింకేంది, అగ్గువదే చాలు" అన్నడు సేట్,
కళ్లజోడు పెట్టుకుంట.

గప్పుడు లేచిండు మునీము పోశెట్టి.
ఫోనుల పచ్చ గుండీ, ఎర్ర గుండీ తప్ప
మూడోది ముట్టడు.
"ఇది ఆషాఢం బిడ్డా,
గోదాంల గాలి తప్ప ఏమున్నది?
ఎద్దును కొనేటోడు
ఖాళీ బండికి కట్టి చూస్తడా?"

నాకు జనవరి యాదికొచ్చింది.
కప్పు దాక బస్తాలు, లోపల తడి ఆరని కాయ,
తుమ్ములు, కండ్ల నీళ్లు.
చుక్క ఆగకుండ తిరిగింది గప్పుడే గద.
తీగెను తిట్టిన, టవరును తిట్టిన.
మిర్చి తాగుతదనుకోలె
గాలిల మాటను.

మైనొద్దీన్ నవ్విండు, మళ్ల నవ్వలె.
"తాత చెప్పింది నిజమే" అన్నడు,
"తడి ఏడున్నా సిగ్నలు ఆడనే ఇంకుతది."
నేనన్న: "నడుమది ఒకటి ఇయ్యి,
తీగె మాత్రం రెండింటికి గుంజు.
గోడ ఒక్కసారే తొలుద్దాం.
రెండోది పంట వచ్చినంక చూద్దాం."

రెండు బిట్లు ఇరిగినయి.
ఎర్ర దుమ్ము మీద తెల్ల దుమ్ము పడ్డది.
గోదాం దర్వాజ నెత్తిన
చుట్టిన తీగె ఒకటి, ఎవరూ కట్టని గంట తాడు లెక్క,
ఇంక వేలాడుతనే ఉన్నది.

పేరేం పెట్టాలె అంటే
సేట్ మరాఠీల ఒకటన్నడు, కొడుకు ఇంగ్లీషుల ఒకటన్నడు.
వాళ్లు ఇంక తేల్చుకోలె.
తాళం మాట మాత్రం నేనే పెట్టిన,
పోయినేడు మొదటి మచ్చు పలికిన ధర.
రైతులు ఎవరూ మర్చిపోరు.
సేటే
రోజూ నన్ను అడుగుతడు.