గమ్మున

ప్రొద్దుటూరు నించి పలాసకి
రెండు రైళ్లు, ఒకటిన్నర రాత్రి, ఒకటే భాష
అనుకున్నాను టికెట్టు తీసుకున్నప్పుడు.

ఆటో అతని పేరు ఢిల్లేశ్వరరావు.
విశాఖపట్నం దాటి ఎరగడు.
"ఏమప్పా, కాశీబుగ్గకు ఎంత?" అన్నాను.
స్టాండు స్టాండంతా నవ్వింది.
"అప్పేటి బావూ? నాను ఆడదాన్లా కనబడతన్నానేటి?"
మా ఊళ్లో మగోణ్ణి పిలిచే పిలుపు
ఇక్కడికొచ్చేసరికి చీర కట్టుకుని
అక్కయి కూర్చుంది.

లాడ్జి కిటికీ మూసినా
జీడిగింజ కాల్చిన పొగ వాసన.
తలగడకీ అదే, తువ్వాలుకీ అదే.
మొదటి రాత్రి దగ్గుతూ పడుకున్నాను.
మూడో రాత్రి మధ్యలో లేచి
వాసన రాలేదేమని కిటికీ తెరిచాను.

లోకనాథంగారు రేటు చెప్పరు.
ముందు టీ, బొటనవేలంత గ్లాసులో.
తర్వాత ఉక్కపోత గురించి,
తర్వాత కొబ్బరికి పట్టిన తెగులు గురించి.
ఇక అడిగేస్తే, "తిత్లీకి ముందైతేనా..." అని మొదలు.
మేం ఏళ్లని కరువుతో గుర్తు పెట్టుకుంటాం.
వీళ్లు గాలితో.
మనవరాలు ఆ గాలికి నాలుగు రోజుల తర్వాత పుట్టిందట,
గోదాము రేకులు పక్క ఊరి తోటలో దొరికాయట,
ఒకటి మాత్రం ఇప్పటికీ దొరకలేదట.
ఆ ఒక్క రేకు గురించే ఆయన బెంగ.
టీ ఎప్పుడో చల్లారింది.
రేటు మాత్రం దిగలేదు.

నీళ్లడిగాను. కుళాయి పక్కనే ఉంది.
"అయి వొద్దు బావూ, కేను నీళ్లిస్తానుండు"
అంది నీలవేణి, పని వదిలి లేచి.
ఎందుకని అడగబోయి,
ఆమె బల్ల కింద టిఫిన్ గిన్నెతో పాటు
ఆసుపత్రి కవరొకటి కనిపించి
నీళ్లు తాగాను.

గింజ నూనెకి ఆమె వేళ్లు నల్లగా కాలిపోయి,
గోళ్లు నేరేడుపండు రంగు.
ఆ వేళ్ల సందు నించి పప్పు మాత్రం
పాలపన్నులా తెల్లగా ఊడి వస్తుంది.
గుండు ఒక తట్టలోకి, బద్ద ఒక తట్టలోకి,
ముక్క ఇంకోదాన్లోకి. తల ఎత్తదు. గురి తప్పదు.
"మా గుంట వొచ్చీసిందేటి?" అని కేకేసింది.
గుంట ఎక్కడుందోనని
నేను కాలు వెనక్కి తీసుకుని నేల చూశాను.
గుమ్మంలో రెండు జడలేసుకుని, బడి సంచీతో
ఏడేళ్ల గుంట,
ముందు పళ్లు రెండూ లేకుండా నవ్వుతోంది.

చివరి రోజు దాలమ్మ మెస్సులో
చోడంబలి, అన్నం, నెత్తళ్ల పులుసు.
చోళ్లంటే మా రాగులే.
ఆ సంగతి తెలిసి నాకు ధైర్యమొచ్చింది,
మా అవ్వ సంగటి గురించి చెప్పడం మొదలెట్టాను.
"గమ్మున తినీండి బావూ" అంది.

మా వైపు గమ్మున అంటే నోరు మూసుకుని.
ఏం తప్పు మాట్లాడానో తెలీక
తల దించుకుని, చప్పుడు కాకుండా,
చేప చేపకీ ముల్లు ఏరుకుంటూ తిన్నాను.
ఆమె గోడ గడియారం వైపు చూసింది,
నా వైపు చూసింది,
మళ్లీ గడియారం వైపు.
"ఓలమ్మో! బేగి కానీయండి! రైలెల్లిపోతాది!"

వెళ్లిపోయింది కూడా.

తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీద
ఢిల్లేశ్వరరావు నా పక్కనే కూర్చున్నాడు.
వెయిటింగ్ ఎంతివ్వాలని అడిగితే
"ఏటి బావూ" అన్నాడు.
ఆ రెండు మాటలకి మా ఊరి మాట ఏదో
ఇంకా వెతుకుతున్నాను.

ఇంటి నించి ఫోను. "యాడుండావు?"
"రేపొచ్చీస్తన్నాను" అన్నాను.
అవతల కాసేపు ఏమీ వినపడలేదు.
"ఎవురబ్బా మాట్లాడేది?" అంది మా ఆవిడ.

పక్కన పది డబ్బాల పప్పు.
ఒక డబ్బా మూత మీద నల్లటి వేలిముద్ర.
చేతిగుడ్డతో తుడిచాను, తడిపి తుడిచాను.
పోలేదు.